భోగికి ముందురోజు

1993 జనవరి 12, మంగళవారం. తెల్లవారితే భోగి. తెలంగాణ ఇళ్లలో ఆడవాళ్లు నేల మీద తెల్లగుడ్డ పరిచి సకినాలు చుడుతున్నారు. డాబాల మీద పిల్లలు పతంగులు ఎగరేస్తున్నారు. ఆ రోజే హైదరాబాద్‌లో కవి అలిశెట్టి ప్రభాకర్ ఊపిరి ఆగిపోయింది. అతను పుట్టిందీ ఆ తేదీనే. నలభై ఏళ్లు నిండలేదు. పోయింది క్షయతో.

ముగింపు తెలిసిపోయాక కథ ఎందుకని అడగకండి. సత్యహరిశ్చంద్ర నాటకానికి వచ్చి కూర్చున్నవాళ్లందరికీ కాటిసీను రాబోతోందని తెలుసు. తెలిసే వస్తారు, తెలిసే తెల్లవారుజాము దాకా మేలుకుంటారు. అయితే ఆ నాటకంలో చివరికి దేవతలు దిగి వస్తారు. ఈ కథలో ఎవరూ దిగి రాలేదు.

జగిత్యాలలో పుట్టాడు ప్రభాకర్. అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు ఉన్న పెద్ద కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంటి బరువు ఇంకా మీసం రాని కుర్రవాడి భుజాల మీద పడింది. అతని చేతికి మొదట అబ్బింది బొమ్మ. పండుగలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా తారల ముఖాలు వేసి పత్రికలకు పంపేవాడు. కవిత్వం వెనకాల వచ్చింది. 1974లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ‘పరిష్కారం’ అనే కవిత అచ్చయింది. జగిత్యాలలో సాహితీ మిత్ర దీప్తి అనే చిన్న బృందం ఉండేది. దాని సావాసంలో ఆ కుర్రవాడు బొమ్మల్లోంచి మాటల్లోకి నడిచాడు. బొమ్మను మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఒకరి కింద పనిచేయకూడదని అప్పుడే తీర్మానించుకున్నాడు. ఆ పంతాన్ని చివరిదాకా వదల్లేదు. ఈ కథలో వెలుగంతా ఆ పంతంలోంచే వస్తుంది, చీకటిలో కూడా చాలా భాగం అక్కడిదే. సిరిసిల్లలో ఒక స్టూడియోలో ఫోటోగ్రఫీ నేర్చుకున్నాడు. 1976లో జగిత్యాలలో సొంతంగా స్టూడియో పెట్టాడు, పేరు పూర్ణిమ. 1979లో కరీంనగర్‌లో ఇంకొకటి, శిల్పి. 1983లో హైదరాబాద్‌లో మూడోది, చిత్రలేఖ. బతుకుతెరువు కోసం తెరిచిన కొట్లకు ఎంత అందమైన పేర్లు పెట్టుకున్నాడో చూడండి. భాగవతంలో ఉషకు కలలో కనిపించినవాడు ఎవరో తేల్చడానికి లోకంలోని రాజకుమారులందరి ముఖాలూ గీసి చూపించిన చెలికత్తె చిత్రలేఖ. ఈ చిత్రలేఖకు మాత్రం వచ్చీపోయే మామూలు మనుషుల ముఖాలే దక్కాయి, దరఖాస్తుకు అంటించే ఫోటో కోసం తల దువ్వుకుని, కెమెరా ముందు కాస్త బిగుసుకుని కూర్చునే ముఖాలు.

అతని మినీ కవిత ఎక్కడ తయారైందో అర్థం కావాలంటే ఆ స్టూడియోలోకి వెళ్లాలి. ఫోటో తీసేవాడికి తెలిసిన మొదటి సంగతి చట్రం. అందులో ఇమడనిదాన్ని వదిలెయ్యాలి. రెండో సంగతి వెలుగూ నీడా. నెగెటివ్‌లో నల్లనిది కాగితం మీద తెల్లగా వస్తుంది, తెల్లనిది నల్లబడుతుంది. ప్రభాకర్ కవిత కూడా నాలుగైదు పంక్తులలో అదే చేసేది. మనం మర్యాద అనుకున్నది అందులో నల్లగా తేలేది, నీచమని ముఖం తిప్పుకున్నది కళ్లు చెదిరే తెల్లదనంతో నిలబడేది. ‘వేశ్య’ అన్న కవిత చదివినవాళ్లకు ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. 1970లలో మినీ కవిత తెలుగులో ఒక ఊపు ఊపింది. ఆ ఊపులో రాసినవాళ్లు చాలామంది, నిలిచినవాళ్లు తక్కువ. చాలామందికి మినీ కవిత అంటే పొట్టిగా చెప్పడమే, ప్రభాకర్‌కు అది చూపు.

తన కవితకు తానే బొమ్మ వేసుకునేవాడు. గీతలో కోపం, అక్షరంలో కోపం, రెండూ ఒకే కలం నుంచి వచ్చేవి. మాటనూ బొమ్మనూ కలపడం మనకు కొత్త కాదు. నాగబంధం, పద్మబంధం, చక్రబంధం అంటూ పాము మెలికల్లో, తామర రేకుల్లో అక్షరాలను కూర్చిన పూర్వకవులు మనకు ఉన్నారు. వాళ్లది ఆస్థానంలో మెప్పు కోసం చేసిన విద్య. ప్రభాకర్ దాన్ని వీధిలోకి తెచ్చాడు. నిలబడి చదవడానికి తీరికలేనివాడికి, కూడబలుక్కుని చదివేవాడికి కూడా అందేలా తెచ్చాడు.

1978 వచ్చింది. ఆ సెప్టెంబరు 7న వేలమంది రైతు కూలీలు జగిత్యాలకు నడిచి వచ్చారు. జైత్రయాత్ర అని చరిత్ర ఆ రోజుకు పేరు పెట్టింది. మరుసటి నెలలో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ప్రభాకర్ మొదటి పుస్తకం ‘ఎర్ర పావురాలు’ ఆ ఏడాదిదే. ‘మంటల జెండాలు’ 1979, ‘చురకలు’ 1981. పేర్లు వింటేనే ఆ కాలపు వేడి చేతికి తగులుతుంది. అప్పుడు అతనికి వయసుంది, ఊరుంది, చుట్టూ మిత్రులున్నారు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంది. వెనక్కి తిరిగి చూస్తుంటే, కథను అక్కడే ఆపెయ్యాలనిపిస్తుంది. కరీంనగర్‌లో శిల్పి స్టూడియో నడుస్తోంది, పండుగకు గంటలో జగిత్యాల చేరుకోవచ్చు, అచ్చు వేయించే మిత్రులు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నారు. అక్కడే ఉండిపోయి ఉంటే? ఈ ప్రశ్న అడగడం సులువు. మహానగరం మీద రాయాల్సిన కవి ఆ నగరంలో ఉండక తప్పదన్న జవాబు కూడా అంతే సులువు. రెండిటి మధ్యలో ఒక మనిషి నలిగిపోయాడు.

1983లో హైదరాబాద్ చేరాడు. ఆ సంవత్సరం దగ్గర కాసేపు ఆగుతాను. సరిగ్గా ఆ ఏడాది ఫిబ్రవరిలో స్కాట్లండ్‌లోని పెంట్లాండ్ కొండల్లో ఇంకో కవి సర్కారుతో పోరాడుతున్నాడు. ఇయాన్ హామిల్టన్ ఫిన్లే. పదాలను కాగితం మీద బొమ్మలా పరిచే కవిత్వానికి ఆ దేశంలో అతనే పెద్ద. 1961లో వైల్డ్ హాథార్న్ ప్రెస్ పెట్టి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు అచ్చువేశాడు. తరవాత తన పొలాన్నే లిటిల్ స్పార్టా అనే తోటగా మలిచి, రాళ్ల మీద, బల్లల మీద, చెట్ల మొదళ్ల దగ్గర మాటలు చెక్కించాడు. ఆ తోటలోని గుడి మీద పన్ను కట్టనన్నాడు. జప్తుకు అధికారి వస్తే మిత్రులతో కలిసి అడ్డం నిలిచాడు. అతనూ పేదవాడే. ఇల్లు దాటి బయటికి రాలేని భయం ఏళ్ల తరబడి అతన్ని పట్టి పీడించింది. ఉలి పట్టడం అతని పని కాదు. మాట తనది, చెక్కే చెయ్యి ఇంకొకరిది. రాతిపనివాళ్లు, అక్షరశిల్పులు, చిత్రకారులు అతని కోసం పనిచేశారు. వాళ్ల పేర్లు అతని పేరు పక్కన అచ్చయ్యాయి. ఎనభై ఏళ్లు బతికాడు.

పోల్చి తీర్పు చెప్పాలని కాదు. దేశం వేరు, కాలం వేరు, డబ్బు వేరు. కానీ ఒక్కటి మనసులో గుచ్చుకుంటుంది. అక్కడ పదిమంది పంచుకున్న పని ఇక్కడ ఒక్కడి మీద పడింది. రాసేవాడు, గీసేవాడు, ఫోటో తీసేవాడు, దాన్ని చీకటి గదిలో కడిగేవాడు, ఇంటికి బియ్యం తెచ్చేవాడు, అందరూ ప్రభాకరే. అన్ని పనులకూ కలిపి ఉన్నది ఒకే జత ఊపిరితిత్తులు.

డార్క్‌రూమ్ ఎరిగినవాళ్లకు ఆ గాలి గుర్తుంటుంది. కిటికీలు మూసి, సందుల్లో నల్లగుడ్డ కుక్కి, ఎర్రబల్బు కింద డెవలపర్ ట్రే, హైపో ట్రే. ముక్కుకు పట్టే ఘాటు. జబ్బు అక్కడినుంచే వచ్చిందని నేను చెప్పను. క్షయ సూక్ష్మజీవి వల్ల వస్తుంది, అరకడుపు తిండిలో, ఇరుకు గదుల్లో బలుస్తుంది. కానీ ఎండా గాలీ కావాల్సిన రొమ్ముకు ఆ వృత్తి చీకటినే ఇచ్చింది. పైగా ఆ దశాబ్దంలోనే కలర్ ల్యాబులు వచ్చి చేత్తో కడిగే నలుపు తెలుపు స్టూడియోల గిరాకీని మెల్లగా మింగాయి.

నగరంలోనే అతని పని పదునెక్కింది. ‘రక్తరేఖ’ 1985లో వచ్చింది. ఆంధ్రజ్యోతి దినపత్రికలో ఆరేళ్ల పాటు ‘సిటీ లైఫ్’ రాశాడు. హైదరాబాద్ మీద నాలుగు పంక్తులు, పొద్దున్నే, చాయ్‌తో పాటు. పుస్తకాలు కొననివాళ్లు కూడా ఆ మూల కోసం పేపరు తిప్పేవాళ్లు. ‘ఎన్నికల ఎండమావి’ 1989లో, ‘సంక్షోభ గీతం’ 1990లో వచ్చాయి. పేరు పెరుగుతున్నకొద్దీ మనిషి తరిగిపోయాడు. నగరానికి అద్దం పట్టినవాడి దగ్గును నగరం వినిపించుకోలేదు.

ఇక్కడే గుండె మెలిపెట్టే సంగతి ఉంది. ఆ జబ్బుకు మందు ఉంది. 1956లో మద్రాసులో క్షయ మీద పరిశోధనా కేంద్రం పెట్టారు. శానిటోరియంలో పడుకోబెట్టనక్కర్లేదు, పేదవాడు తన ఇంట్లోనే ఉండి క్రమం తప్పకుండా మందులు మింగితే అంతే బాగా నయమవుతుందని 1959 నాటికే ఆ కేంద్రం రుజువు చేసింది. మన పక్క నగరంలో తేలిన నిజం అది, ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. 1980లకు వచ్చేసరికి రిఫాంపిసిన్ కలిపిన మందులతో ఆరు నెలల్లో బయటపడే దారి కూడా ఏర్పడింది. ఆరు నెలలు. మానకుండా మందు, దానికి తోడు కడుపునిండా తిండి, కాస్త విశ్రాంతి. రోజు గడవడమే పనైనవాడికి ఆ మూడూ ఒక్కసారి కుదరవు. ఆ ఆరు నెలలు అతని చేతిలోని కెమెరానూ కుంచెనూ ఎవరైనా అందుకుని ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. అతను మరణించిన సంవత్సరమే, 1993లో, క్షయను ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దగ్గరుండి మందు మింగించే కొత్త పద్ధతిని మన దేశం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందీ ఆ ఏడాదే.

మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డుకు వస్తే మా వాడపల్లి. హైదరాబాద్ నడిబొడ్డున ప్రవహించిన మూసీ ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. నగరం తాగి పారేసినదంతా, కడిగి వదిలినదంతా మోసుకుంటూ నల్గొండ పల్లెల మీదుగా ఇక్కడిదాకా వస్తుంది. ‘సిటీ లైఫ్’ కవితలు చదివినప్పుడల్లా నాకు ఈ నీళ్లే కళ్లలో మెదులుతాయి. నగరం దాచుకున్నదాన్ని బయటికి మోసుకొచ్చే పని రెండిటిదీ. సంగమం దగ్గర లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. గర్భగుడిలో స్వామి ముఖం ఎత్తున పెట్టిన దీపం రెపరెపలాడుతూ ఉంటుంది, కింద ఉన్న దీపం కదలదు. స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసలే ఆ కదలికకు కారణమని భక్తుల నమ్మకం. ఆ దీపాన్ని వందల ఏళ్లుగా ఎవరో ఒకరు నూనె పోసి కాపాడుతున్నారు. పూజారులు మారారు, రాజ్యాలు మారాయి, నూనె పోసే వంతు మాత్రం ఎప్పుడూ తప్పలేదు. దేవుడి ఊపిరికి అంత కాపలా పెట్టిన మనుషులమే మనం.

‘సిటీ లైఫ్’ పుస్తకంగా 1992లో వచ్చింది. అదే ఆఖరిది. దాని తరవాత అతనికి మిగిలింది ఒక్క చలికాలం.

వెనక భార్య, ఇద్దరు కొడుకులు మిగిలారు. ఏడు పుస్తకాలు ఏడు చోట్ల చెదిరిపోయాయి. కొన్నేళ్లకు అవి పాత పుస్తకాల కొట్లలో కూడా కనిపించడం మానేశాయి. కవితలు మాత్రం గోడల మీద, సభల్లో, నోటి మీద బతికాయి. చాలాసార్లు రాసినవాడి పేరు లేకుండానే బతికాయి. జయధీర్ తిరుమలరావు, నిజాం వెంకటేశం, బి. నర్సన్ కలిసి ఆ కవితలన్నీ ఒక్కచోట చేర్చి ‘అలిశెట్టి ప్రభాకర్ కవిత’ అచ్చువేశారు. అది 2013. బతికున్న నాళ్లలో దొరకాల్సిన తోడు ఇరవై ఏళ్లు ఆలస్యంగా దొరికింది. ఆలస్యమని ఆ ముగ్గురినీ అనడం లేదు. పూనుకున్నది వాళ్లే కదా.

అయినా అతను చేసినదంతా ఆ పుస్తకంలో లేదు, ఉండే వీలూ లేదు. ఏడేళ్ల పాటు జగిత్యాలలో, కరీంనగర్‌లో కెమెరా వెనక నిలబడినవాడు అతను. ఆ ఫోటోల మీద కవి సంతకం ఉండదు. అప్పటి స్టూడియోలకు ఫోటో వెనక తమ ముద్ర వేసే అలవాటు ఉండేది. ఆ ఊళ్లలో ఎవరింట్లోనైనా 1976 నుంచి 1983 నడుమ దిగిన పెళ్లి ఫోటో, బడి ఫోటో, చనిపోయిన నాయనమ్మ ఫోటో ఉంటే చట్రం విప్పి ఒకసారి వెనక్కి తిప్పండి. పూర్ణిమ అని గానీ, శిల్పి అని గానీ కనిపిస్తే దాన్ని పారేయకండి.