పాటకు పెద్దపీట, మాటకు అద్దె గది

పాత రేడియో మీద సాయంత్రం సభ పెట్టుకుంటే కాసేపు గానం, కాసేపు ప్రసంగం, మళ్లీ గానం. మన విజయవాడ రేడియో కేంద్రం ఉత్సవాలకూ ఇదే వరస. ఇదేమీ నిర్వాహకుల కొత్త ఊహ కాదు. తొలినాళ్ల రేడియో అంటేనే పొద్దు వాలాక పాట, మధ్యలో మాట. తెలుగువారి విషయంలో మాత్రం ఈ రెండిటి కథా ఒకటి కాదు. పాటకు మొదటి రోజు నుంచీ పీట వేశారు. మాటకు సొంత ఇల్లు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ ఇల్లే విజయవాడ కేంద్రం.

కథ మద్రాసులో మొదలవుతుంది. సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న ప్రసారాలకు దిగింది. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు. అంటే ఒకప్పుడు వసారాలో వేలాడిన గుడ్డి బల్బు తినేంత కరెంటు. తరవాత 200 వాట్లకు పెంచారు గానీ, సరదా పడిన సభ్యుల చందాలతో ఎన్నాళ్లు నడుస్తుంది? 1927లో క్లబ్బు చేతులెత్తేసి, యంత్రాన్ని మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించింది. అదే ఏడు బొంబాయి, కలకత్తాల్లో పెట్టుబడితో మొదలైన కంపెనీ కూడా మూడేళ్లు నిండకుండానే దివాలా తీసింది. రేడియో పెట్టుకున్నవాళ్లు ఏటా పది రూపాయలు లైసెన్సు కట్టాలి. కట్టేవాళ్లు అతి తక్కువ.

కార్పొరేషన్ వాళ్లు 1930 ఏప్రిల్ 1న ప్రసారాలు మళ్లీ మొదలుపెట్టారు. కుళాయి నీళ్లు, వీధి దీపాలు చూసుకునే ఆఫీసు సంగీతం బాధ్యత కూడా నెత్తికెత్తుకుందంటే ఈనాడు నమ్మబుద్ధి కాదు. సాయంత్రం గానం, బడిపిల్లలకు పాఠాలు, కథలు. ఇంట్లో రేడియో లేనివాళ్లకు సముద్రపు ఒడ్డున లౌడ్‌స్పీకర్లు పెట్టారు. గాలికి వచ్చినవాళ్లు ఇసకలో కూర్చుని కచేరీ వినేవారు. టిక్కెట్టు కొని సభకు వెళ్లలేని మనిషి చెవిన శాస్త్రీయ సంగీతం పడిన తొలి చోట్లలో అదొకటి.

ఆ కచేరీల్లో ఏం పాడేవారు? త్యాగయ్య, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య. పాడేవారు తమిళులైనా, వినేవారిలో ఎక్కువమంది తమిళులైనా పాట తెలుగే. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమయ్యాక, మరుసటి ఏడు తిరుచ్చి కేంద్రం వచ్చాక ఇది మరింత పెరిగింది. ఎంతగా అంటే, 1940ల తమిళ ఇసై ఉద్యమం వారు రేడియోలో తమిళ పాటకు చోటు కావాలని గట్టిగా అడగవలసి వచ్చింది. మనవాళ్లలో కొందరు దాన్ని త్యాగరాజుకు జరిగిన అపచారంగా తీసుకున్నారు గానీ, వాళ్ల ఊళ్లో వాళ్ల భాషలో పాట అడగడంలో తప్పేముంది?

మాట సంగతి వేరు. మద్రాసు కేంద్రంలో తెలుగుకు దక్కింది పంచుకున్న సమయం, పంచుకున్న స్టూడియో. అందులో తొలి తెలుగు ప్రసంగం చేసే భాగ్యం ఎవరికి దక్కిందో చూడండి. కేంద్రం మొదలైన మూడో రోజున మైకు ముందు కూర్చున్నవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. విషయం ‘సజీవమైన తెలుగు’. అప్పటికి ఆయన వయసు 74. సవరల భాష నేర్చుకోవడానికి మన్యం కొండల్లో తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు తెచ్చుకున్న మనిషి. చెవితోనే వినవలసిన పెట్టెలో తెలుగు మాట చెవి వినపడని పెద్దాయన నోట మొదలైంది. చెవి పోయినా ఆయన జీవితమంతా వాదించింది చెవి తరఫునే. జనం పలికేదే భాష అనీ, పుస్తకంలో ఉన్నదంతా భాష కాదనీ.

రేడియో ఆయన పక్షాన సాక్ష్యం పలికింది. ప్రసంగం కాగితం మీద రాసుకుని చదవాల్సిందే గానీ, చదువుతున్నట్టు వినపడకూడదు. కాగితాలు పిన్ను గుచ్చకుండా విడివిడిగా పెట్టుకుని, చప్పుడు కాకుండా ఒక్కొక్కటే పక్కకు జరపాలి. నాలుగు సమాసాలు గొలుసు కట్టిన వాక్యం అచ్చులో గంభీరంగా ఉండవచ్చు. మైకు ముందు అది ఊపిరికే అడ్డు తగులుతుంది. దాంతో గ్రాంథికం ఒక్కరోజులో పోయిందని చెప్పను. ఆ తరవాత చాలా ఏళ్లు రేడియో ప్రసంగాల్లో సగం పట్టు పంచె, సగం ముతక చొక్కా వంటి భాషే నడిచింది. కాని దారి తెరుచుకుంది.

నాటకానికీ అదే పరీక్ష ఎదురైంది. ముద్దుకృష్ణ రాసిన ‘అనార్కలి’ తొలి తెలుగు రేడియో నాటకంగా ఆ 1938లోనే ప్రసారమైంది. వేషం లేదు, తెర లేదు, చప్పట్లు లేవు, వన్స్‌మోర్ అసలే లేదు. పైగా 1940లో రేడియోవారు హార్మోనియాన్ని నిషేధించారు. మన పద్యనాటకానికి హార్మోనియం తోడు లేకపోవడమంటే మాటలా! శ్రుతిపెట్టె మీద వాలి సాగదీసే రాగాలాపనకు రేడియోలో చోటు లేకుండా పోయింది. పద్యం భావంతో నిలబడితే నిలబడింది, లేకపోతే లేదు. నన్నడిగితే ఆ నిషేధం సంగీతానికి ఏం చేసిందో గానీ, పద్యం చదవడానికి మాత్రం మేలే చేసింది.

మద్రాసు కేంద్రమనే ఆ అద్దె గదిలో పనిచేసినవారి పేర్లు చూస్తే అది ఆఫీసా, సాహిత్య సభా అన్న అనుమానం వస్తుంది. ఆచంట జానకిరామ్, అయ్యగారి వీరభద్రరావు మొదటి బరువు మోశారు. 1941లో బాలాంత్రపు రజనీకాంతరావు చేరారు. రాయడం, వరస కట్టడం, పాడించడం మూడూ ఒక్క చేతి మీదుగా నడిపిన మనిషి. దేవులపల్లి కృష్ణశాస్త్రి గేయాలూ, సంగీత రూపకాలూ అందించారు. ఇక్కడే పాటా మాటా కలిశాయి. అంతవరకూ భావకవి పాట పుస్తకంలోనో, కవి సొంత గొంతులోనో ఉండేది. కీర్తన కానిదీ, నాటక పద్యం కానిదీ, సినిమా పాట కానిదీ అయిన ఒక పాటకు రేడియో చోటిచ్చింది. దానికే లలిత సంగీతం అని పేరు. రావు బాలసరస్వతి, టంగుటూరి సూర్యకుమారి గొంతుల్లో అది ఇళ్లలోకి వచ్చింది. 1947 ఆగస్టు 15 వేళ స్వాతంత్ర్యానికి స్వాగతం చెబుతూ మద్రాసు కేంద్రం వినిపించిన తెలుగు పాట రజనీకాంతరావు కట్టినదే, పాడింది సూర్యకుమారి.

పిల్లల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అయి, 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. పిల్లలు పిల్లల్లాగే మాట్లాడవచ్చునని రేడియోలో చేసి చూపింది వీళ్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక వీరు హైదరాబాదు చేరారు.

హైదరాబాదులో మరో అద్దె గది. చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా నడిపిన 200 వాట్ల స్టేషనును 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూది అగ్రాసనం, తెలుగు, మరాఠీ, కన్నడం పక్కన సర్దుకునేవి. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే అయినా వరస అదే. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు లోకానికి తెలిసింది ఈ రేడియో ద్వారానే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది.

ఆ సెప్టెంబరు గడిచి రెండున్నర నెలలు తిరిగేసరికి, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం మాట్లాడింది. సమాచార, ప్రసార శాఖ కూడా సర్దార్ పటేల్ చేతిలో ఉన్న రోజులవి. భాషా ప్రాంతాలకు చిన్న కేంద్రాలు త్వరగా పెట్టాలన్న పథకంలో ఆ ఏడాదే పాట్నా, కటక్, గౌహతి, నాగపూర్‌ల తరవాత మన వంతు వచ్చింది. మరో భాషతో పంచుకోనక్కర లేకుండా పొద్దుటి నుంచి రాత్రి దాకా తెలుగువారికి చెందిన తొలి కేంద్రం ఇదే.

ఇల్లు దొరికాక మనుషులు చేరారు. అన్నవరపు రామస్వామి వయొలిన్, దండమూడి రామమోహనరావు మృదంగం, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం గానం, వీరంతా నిలయ విద్వాంసులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత ప్రయోక్త. పొద్దున్నే భక్తిరంజని కోసం ఊళ్లలో ఇళ్ల తలుపులు తెరుచుకునేవి. ఓలేటి వారి ‘సంగీత శిక్షణ’ వల్ల గురువు దొరకని పల్లెటూరి పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని రేడియోతో గొంతు కలిపారు. మాట వైపు పింగళి లక్ష్మీకాంతం, నాటకం వైపు బందా కనకలింగేశ్వరరావు ప్రయోక్తలయ్యారు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పి వచ్చిన పండితుడు పావుగంట ప్రసంగాన్ని పర్యవేక్షించడం మాటకు దక్కిన గౌరవం.

అన్నీ ఒప్పులే జరిగాయని కాదు. 1952 తరవాత కేస్కర్ ప్రసార శాఖ మంత్రిగా ఉన్న కాలంలో సినిమా పాటకు రేడియోలో దాదాపు తలుపు మూశారు. శ్రోతలు చక్కా రేడియో సిలోన్‌కు ముల్లు తిప్పుకున్నారు. 1957 అక్టోబరు 3న సినిమా పాటలు వినిపించే వివిధభారతి పుట్టాక గానీ వాళ్లు వెనక్కి మళ్లలేదు. శ్రోతకు ఏది మంచిదో తామే తేల్చాలనుకున్న పెద్దరికం అది. అయితే ఆ ఖాళీలోనే లలిత గీతం ఏపుగా పెరిగిందన్నదీ నిజమే.

వీటన్నిటికన్నా నన్ను బాధించే సంగతి మరొకటి. మొదటి ఏళ్ల ప్రసారాలు ఎక్కువగా అప్పటికప్పుడు పాడి, మాట్లాడి గాలిలో వదిలినవే. రికార్డు చేయడం ఖర్చు, దాచడం మరీ ఖర్చు. తరవాత టేపు వచ్చినా ఒకదాని మీద ఒకటి రికార్డు చేసుకుంటూ పోయారు. ఇవాళ చేతికి దొరుకుతున్న పాత రూపకాల్లో, పాటల్లో కొన్ని అభిమానులు ఇంట్లో రేడియో దగ్గర మైకు పెట్టి స్పూలు టేపులకు ఎక్కించుకున్నవే.

అందువల్ల ఈ సంచిక చదువుతున్నవారికి ఒక విన్నపం. మీ ఇంట్లో అటక మీద స్పూలు టేపు గాని, తాతగారు చదివిన ప్రసంగం రాతప్రతి గాని, పాడటానికి పిలిచిన కాంట్రాక్టు కాగితం గాని, రేడియో పత్రిక ‘వాణి’ పాత సంచిక గాని, లైసెన్సు పుస్తకం గాని ఉంటే పారేయకండి. తుడవకండి, ఆడించి చూడకండి, పాత టేపు తెగిపోతుంది. విజయవాడ కేంద్రానికి ఒక ఉత్తరం ముక్క రాసి, ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇవ్వండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇమ్మని అడగండి.