తరిమెన: త్రాడునుండి మోటారు వరకు

తరిమెన యనగానే మనకు ఏటికొప్పాక లక్కపిడతలు జ్ఞప్తికి వచ్చును. వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామమున అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలను, భరిణెలను తీర్చుచున్నారు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే ఈ పనిముట్టు పుట్టుక మిక్కిలి దూరము. ఈజిప్టులో పెటోసిరిస్ అను పూజారి సమాధిగోడపై క్రీస్తుపూర్వము 300 ప్రాంతమునాటి శిల్పచిత్ర మొకటి కలదు. అందు ఒకడు త్రాడు లాగుచున్నాడు. వేరొకడు ఉలి పట్టియున్నాడు. మనకు తెలిసిన తరిమెన చిత్రములలో అతి ప్రాచీనమైనది ఇదియే యని పలువురు చెప్పుదురు.

అందలి కీలకము చిన్నది. రెండు మొనల నడుమ కర్రను నిలిపి, దానికి త్రాడు చుట్టి లాగినచో, కర్ర ఒకమారు మనవైపునకు, ఒకమారు ఆవలికి తిరుగును. మనవైపునకు తిరిగినపుడే ఉలి కోయును; తక్కిన సగము కాలము వృథా. అయినను ఇంగ్లండులో హైవికూంబ్ పరిసరములందలి బీచి అడవులలో కుర్చీకాళ్ళు చేయువారు, పైన వంగెడు గడ యొకటి కట్టి, క్రింద కాలితో త్రొక్కుచు, ఇరువదవ శతాబ్దిలో సైతము ఇట్లే పనిచేసిరి. 15వ శతాబ్ది చివరిభాగమున లియొనార్డో డావిన్చి గీసిన తరిమెనలో కాలిత్రొక్కుడుతోపాటు వంకర ఇరుసు, బరువైన చక్రము కనిపించును. కర్ర ఒకే దిక్కుగా ఎడతెగక తిరుగుటకు మార్గ మేర్పడినది.

లాభమెంతో అపాయమును అంతే. త్రాడు వదలిన క్షణమున కర్ర ఆగును. మోటారుకు ఆ దయ లేదు. చొక్కాచేయి చుట్టుకొన్నను అది తిరుగుచునే యుండును. ఇంటిలో చిన్న తరిమెన నమర్చుకొనగోరువారు ముందుగా తలంచవలసినది దీనినే.

కొనునపుడు మోటారు బలమెంత యని అడుగువారే కాని, అత్యల్ప వేగమెంత యని అడుగువారు అరుదు. మా అభిప్రాయమున రెండవదియే ముఖ్యము. నిమిషమునకు 1000 చుట్లు తిరుగు తరిమెనపై 2 అంగుళముల కర్ర అంచు గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగముతో పోవును. 10 అంగుళముల గిన్నెదిమ్మ యైనచో అదే అంచు 48 కిలోమీటర్ల వేగ మందుకొనును! సమముగా లేని దిమ్మ ఆ వేగమున ఊడిపడిన నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు. కావున వేగమును బాగుగా తగ్గించుటకు వీలున్నదియు, అదరని బరువైన పీఠము గలదియు ఎన్నుకొనవలెను. స్విచ్చి చేతికందునట్లుండవలెను.

పగుళ్ళు, వదులు ముడులు గల కర్రను తరిమెనకెక్కింపరాదు. ఉలి నానించు ఆనికను కర్రకు దగ్గరగా జరిపి బిగించి, స్విచ్చి వేయుటకు ముందు కర్రను చేతితో ఒక చుట్టు త్రిప్పి, ఎక్కడను తగులుట లేదని చూచుకొనవలెను. ఉలిని మొదట ఆనికపై మోపి, పిమ్మటనే కర్రకు తాకింపవలెను. ఈ క్రమము తప్పినచో ఉలి ఎగిరిపడును. ముఖమునకు కవచము, ధూళికి ముక్కుగుడ్డ తప్పనిసరి. ఉంగరములు, వ్రేలాడు ఉత్తరీయములు, విరబోసిన జుట్టు దరిచేరరాదు.

నునుపు చేయునపుడు ఆనికను తొలగించవలెను. లేనిచో వ్రేళ్ళు నడుమ నలుగును. లక్కను గూర్చి ఒక మాట. తిరుగుచున్న కర్రకు లక్కకడ్డీ నొత్తినచో రాపిడివేడికే కరగి అంటుకొనును. పిదప ఏటికొప్పాక పనివారు మొగలి ఆకుతో మెరుగుపెట్టుదురు. ఇంటిలో పలువురు ఆ పనికి పాతగుడ్డ నందుకొందురు. ఆకు తగులుకొన్న చిరుగును. గుడ్డ చిరుగక చేతిని లోనికి లాగును.