బంట్రోతు గుండె

గుండెజబ్బు పెద్ద ఉద్యోగుల జబ్బని మనవాళ్ళకొక నమ్మకం. బాధ్యతలు మోసేవాడికి గుండెపోటు గానీ, గుమ్మం దగ్గర స్టూలుమీద కూర్చునేవాడికేం దిగులండీ అంటారు. ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది లండన్ ఉద్యోగులే.

అక్కడ వైట్‌హాల్ అంటే మన సెక్రటేరియట్ లాంటిదన్నమాట. 1967లో అక్కడి మగ ఉద్యోగుల్ని పదిహేడు వేలమందికి పైగా పరీక్షించడం మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి గమనించారు. తీరా చూస్తే, గుండెజబ్బుతో పోయే ప్రమాదం పై అధికారులకన్నా అట్టడుగు మెట్టుమీది బంట్రోతులకి సుమారు మూడింతలు! సిగరెట్లనీ రక్తపోటునీ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా చెరగలేదు.

అప్పట్లో ఆడవాళ్ళ ఊసే లేదు. 1985లో మొదలైన రెండో పరిశీలనలో 10,308 మందికి 3,413 మంది స్త్రీలు. చేసే పనిలో తమ మాట చెల్లనివాళ్ళకి, ఆడైనా మగైనా, గుండెజబ్బు ఎక్కువని 1997లో తేల్చారు. ఆడవాళ్ళకి ఇంకో మెలిక: ఇంట్లో మాట చెల్లకపోయినా వాళ్ళ గుండెకి ముప్పేనట. మగవాళ్ళలో అది కనిపించలేదని 2004లో రాశారు.

ఇక ఉద్యోగ భద్రత సంగతి. ఒక శాఖని ప్రైవేటువాళ్ళకి అమ్మబోతున్నారని తెలిశాక, ఉద్యోగాలు ఊడకముందే అక్కడి మగవాళ్ళ ఆరోగ్యం దిగజారిందని 1995లో బయటపడింది. ఊడటం సరే, ఊడుతుందేమోనన్న బెంగ కూడా రోగమే!

ఆఫీసరుగారి బీపీ ఎంతుందని అందరం అడుగుతాం. ఆయన బెల్లు నొక్కితే పరుగెత్తే బంట్రోతుని అడిగినవాళ్ళని మాత్రం నేనింకా చూడలేదు.