ఎర్ర కెనరీ: జన్యువు పద్దు, మేత పద్దు

మనవాళ్లు దేనికైనా "అది రక్తంలోనే ఉందండీ" అనేస్తారు. సంగీతం రక్తంలో ఉంటుంది, వ్యాపారం రక్తంలో ఉంటుంది, ఇక కులం సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మాటను ఒక పిట్ట ఈకల మీద సైన్సు పేరుతో నిరూపించబోయిన జర్మన్ బడిపంతులు కథ ఇది. నేను కామర్సు చదివి రక్షణశాఖ లెక్కల్లో రిటైరైనవాణ్ణి. జీవశాస్త్రం ఆ తర్వాత పట్టిన వ్యసనం. అయితే ఈ కథలో అసలు చిక్కు నాకు బాగా తెలిసినదే: ఒక పద్దులో పడాల్సిన ఖర్చును ఇంకో పద్దులో రాయడం.

కెనరీ ఫించ్ కుటుంబపు పిట్ట. సొంత ఊరు అట్లాంటిక్‌లోని కెనరీ, మదీరా, అజోర్స్ దీవులు. అడవి కెనరీది ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. పంజరాల్లో మనం చూసే పసుపుపచ్చ కెనరీ ఒక ఉత్పరివర్తనం. కొత్త రంగు వచ్చి చేరలేదు, నల్ల రంగు పోయింది, అడుగున ఉన్న పసుపు బయటపడింది. దాల్చినచెక్క రంగు కెనరీ ఇంకో వింత. దాని పిల్లలు గులాబీ కళ్లతో పుడతాయి. 1908లో ఇంగ్లండులో డరహామ్, మారియట్ అనే ఇద్దరు మహిళలు దాని లెక్క తేల్చారు. పక్షుల్లో మగదానికి రెండు జడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక్కటే. దాల్చిన రంగు తండ్రినీ ఆకుపచ్చ తల్లినీ జతచేస్తే కూతుళ్లన్నీ తండ్రి రంగు, కొడుకులన్నీ ఆకుపచ్చ. దైవలీల అనుకున్నది కూడికలు తీసివేతలతో తేలిపోయింది. అదే ఏడాది అమెరికాలో చార్లెస్ డావెన్‌పోర్ట్ కూడా కెనరీల వంశపారంపర్యం మీద పుస్తకం వేశాడు. రెండేళ్లకు మనుషుల "మేలుజాతి" లెక్కలకు ఆఫీసు తెరిచాడు. పిట్టల దగ్గర మొదలైన లెక్క మనుషుల మీదికి వెళ్లడం ఈ కథలో మళ్లీ కనబడుతుంది.

బడిపంతులు పేరు హాన్స్ డంకర్, ఊరు బ్రెమెన్. 1921 ప్రాంతంలో ఆయనకు కార్ల్ రైష్ పరిచయమయ్యాడు. నైటింగేల్ పాట పాడే కెనరీలను పెంచి, వాటి పాటలు రికార్డులకెక్కించిన మనిషి. రైష్ చేతివాటం, డంకర్ మెండెల్ లెక్క కలిశాయి. ఆశయం: లోకంలో లేని ఎర్ర కెనరీ. కెనరీలో ఎరుపు జన్యువు లేదు కాబట్టి వెనిజులా నుంచి వచ్చే రెడ్ సిస్కిన్ అనే చిన్న ఫించ్ నుంచి దాన్ని అరువు తెచ్చుకోవాలి. రెండింటి సంకరం రాగి రంగులో పుట్టింది. సంకరం మగపిట్టలు సంతానానికి పనికొచ్చాయి, ఆడవి చాలావరకు గొడ్డుపోయాయి. సంకరాల్లో ఎవరికి రెండు వేర్వేరు లింగ క్రోమోజోములు ఉంటాయో వాళ్లకే ఈ తిప్పలని 1922లో సూత్రం చెప్పినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. తర్వాత మన దేశం వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

డంకర్ ఆ మగపిట్టలను మళ్లీ మళ్లీ పసుపు కెనరీలతో జతచేశాడు. నారింజ వచ్చింది, ఎరుపు రాలేదు. జన్యువు వచ్చిందంటే రంగు రావాల్సిందేనని ఆయన నమ్మకం. లెక్క ఎక్కడ తప్పింది?

సమాధానం యాభై ఏళ్ల ముందే ఇంగ్లండు పిట్టల పోటీల్లో పడి ఉంది. 1870ల్లో కొన్ని కెనరీలు మండే నారింజ రంగుతో పోటీకి వచ్చాయి. రంగు పులిమారని గోల జరిగింది. అసలు కిటుకు ఎర్ర మిరపపొడి. పాత ఈకలు రాల్చి కొత్తవి తొడిగే రోజుల్లో మేతలో కలిపారు. (పక్షులకు కారం తెలియదు. గుంటూరు మిరపైనా సుఖంగా తింటాయి.) ఈకల పసుపు, ఎరుపు కెరోటినాయిడ్లతో వస్తాయి. వాటిని ఏ పక్షీ సొంతంగా తయారుచేసుకోలేదు, తిని తెచ్చుకోవాల్సిందే.

అయితే జన్యువు ఉత్తదా అంటే, అదీ కాదు. 2016లో ఎర్ర కెనరీల జన్యుపటం చదివి, సిస్కిన్ నుంచి వచ్చిన ముక్కను పట్టుకున్నారు. దాని పేరు సివైపి2జె19. తిండిలోని పసుపును ఎరుపుగా మార్చే ఎంజైముకు అది ఆధారం. అదే ఏడు జీబ్రాఫించ్ ఎర్రముక్కుకూ అదే జన్యువు కారణమని తేలింది. అంటే జన్యువు వంటవాడు, మేత సరుకు. సరుకు లేనిదే వంటవాడు ఏం చేస్తాడు? 2017లో అంతర్గత తెల్ల కెనరీ సంగతీ తేలింది. దానిలో కెరోటినాయిడ్లను ఒంటికి పట్టించుకునే జన్యువే చెడింది. ఎంత క్యారెట్ పెట్టినా అది తెల్లగానే ఉంటుంది, పైగా విటమిన్ ఎ విడిగా ఇవ్వకపోతే బతకదు. ఒక పిట్టకు మేత తేడా, ఇంకో పిట్టకు జన్యువు తేడా. ఏది ఎంతో ప్రతి పిట్ట దగ్గరా విడిగా తేల్చుకోవాలి.

డంకర్ అలా తేల్చుకోలేదు. పుట్టుకే సర్వస్వం అన్న నమ్మకాన్ని మనుషులకు అంటించి, జాతిశుద్ధి ప్రచారకుడై నాజీల పక్షం చేరాడు. 1933 జులైలో హిట్లర్ ప్రభుత్వం బలవంతపు సంతాన నిరోధక చట్టం చేసింది. దాని కింద దాదాపు 4 లక్షలమందికి ఆపరేషన్లు జరిగాయి. పిట్టల పంజరం ముందు చేసిన తప్పును ఇంకో ఈడు పిట్ట సరిదిద్దుతుంది. ఆపరేషను బల్ల మీది మనిషికి ఆ అవకాశం లేదు. అప్పట్లోనే, 1938లో, హాల్డేన్ ఈ చట్టాల వెనక సైన్సు లేదని పుస్తకం రాశాడు. చదవాల్సినవాళ్లు చదవలేదు.

ఈ లెక్కలో ఇంకో అప్పు మిగిలింది. ఎరుపు అరువిచ్చిన సిస్కిన్‌ను పంజరాల కోసం పట్టీ పట్టీ వెనిజులా అడవులు ఖాళీ చేశారు. ఇవాళ అది అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉంది. 2000లో గయానాలో ఎవరూ ఊహించని ఇంకో గుంపు కనబడింది. దాన్ని ఇప్పుడు కాపలా కాస్తున్నారు.