కొమ్ము, శంఖం: ఒకే ఊపిరి, వేరు వేరు చోట్లు

కేతేపల్లి వంటి నల్లగొండ పల్లెల్లో వాద్యాలను కూడా కులాల వారీగానే పంచారు. సన్నాయి మంగలివారిది, డప్పు మాదిగలది, కిన్నెర డక్కలివారిది. సన్నాయి పెళ్లి పందిట్లోకి వస్తుంది, డప్పు బయటే ఆగుతుంది. ఊదే వాద్యాల్లో ఈ తేడా ఎలా పనిచేస్తుందో చూడాలంటే కొమ్మును, శంఖాన్ని పక్కపక్కన పెట్టాలంటాం.

కొమ్మును మొదట పశువు కొమ్ముతోనే చేసేవారు. తర్వాత ఇత్తడి, రాగి గొట్టాలను ఒకదానిలో ఒకటి బిగించి వంపుగా చేశారు. దీనికి వేళ్లతో మూసే రంధ్రాలు ఉండవు. బిగించిన పెదవుల అదురే గొట్టంలో ధ్వనిగా మారుతుంది. పెదవుల బిగువు, ఊపిరి బలం మారిస్తే స్వరం మారుతుంది. శంఖం పలికేదీ ఇలాగే. 1914లో హార్న్‌బోస్టెల్, సాక్స్ చేసిన వాద్యాల వర్గీకరణలో రెండూ ఒకే కుటుంబానికి చెందినవి.

అయినా శంఖం గర్భగుడి దాకా వెళ్లింది. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే దళిత కళాకారుల చేతిలోని కొమ్ము మాత్రం ఆశ్రిత కులం గుర్తుగా మిగిలింది. పశువు నుంచి వచ్చింది కాబట్టి మైల అంటారా? శంఖం కూడా చచ్చిన ప్రాణి పెంకే.

ఇతర దేశాల్లో చూడండి. యూదులు పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్‌ను కొత్త సంవత్సరం నాడు ప్రార్థనా మందిరంలోనే ఊదుతారు. తోలుసంచి ఉన్న బ్యాగ్‌పైప్ స్కాట్లండ్‌కు గర్వకారణం. మన జానపద ప్రదర్శనల్లో శ్రుతినిచ్చే తిత్తి కూడా మేకతోలు సంచే. దానికి ఆ గౌరవం దక్కలేదు. అంటే మైల కొమ్ములో లేదు, తోలులో లేదు. ఊదే మనిషి కులానికి అంటగట్టిన మైలనే వాద్యానికీ పూశారు.

1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవ గుర్తుగా నిలబెట్టింది. 2022లో దర్శనం మొగులయ్యకు వచ్చిన పద్మశ్రీతో కిన్నెర పేరు దేశమంతా తెలిసింది. కొమ్ముకూ తిత్తికీ ఆ వంతు రావాలి.

విద్యార్థులకు మా సూచన ఒక్కటే. వాద్యం ఫొటో తీసి ఊరుకోకండి. ఎవరు ఊదుతున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ గడప దాకా రానిచ్చారు, కూలి ఎంత ఇచ్చారు అన్నవి కూడా రాయండి. వాద్యాన్ని మ్యూజియంలో పెట్టి, ఊదిన మనిషిని గడప బయటే ఉంచితే అది పరిరక్షణ కాదు.