ఆజాదీ పేరిట పరిచిన దస్తర్‌ఖాన్

మలయ్ భాషలో 'మెర్దేకా' అంటే ఆజాదీ. సంస్కృతంలోని 'మహర్ధిక' అనే మాట సముద్రం దాటి, అక్కడి నోళ్లలో నాని నాని మెర్దేకా అయిందంటారు భాషల తారీఖ్ తెలిసినవాళ్లు. నేను ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో ఈ మాట అఖ్బార్‌లో ఆటల పేజీలో కనబడేది. అర్థం అడిగితే మా ఉస్తాద్ ఒక్క ముక్కలో చెప్పారు: "ఆజాదీ, బేటా." అంతే చెప్పి పాఠంలోకి వెళ్లిపోయారు.

ఫుట్‌బాల్ టోర్నమెంటుకు ఆజాదీ అని పేరెందుకు పెట్టారన్న సవాల్ మాత్రం నాలో ఉండిపోయింది. జర్నలిజంలోకి వచ్చాక దాని జవాబు వెతికాను. వెతికితే కౌలాలంపూర్ నుంచి మన హైదరాబాద్ మొహల్లాల దాకా ఒక దారి దొరికింది. మన పిల్లలకు ఆ దారి తెలియాలని ఇది రాస్తున్నా.

1957 ఆగస్టు 31. మలయా దేశం అంగ్రేజ్ పాలన నుంచి బయటపడిన రోజు. కౌలాలంపూర్‌లో ఆ ఎలాన్ కోసమే కట్టిన కొత్త స్టేడియంలో తొలి వజీరె ఆజమ్ టుంకు అబ్దుల్ రహమాన్ చెయ్యెత్తి "మెర్దేకా" అని ఏడుసార్లు నినదించారు. జనం ఏడుసార్లూ జవాబిచ్చారు. ఆ స్టేడియానికి కూడా మెర్దేకా అనే పేరు. టుంకు సాబ్‌కు ఇంకో హైసియత్ కూడా ఉంది. అప్పటికే ఆయన మలయా ఫుట్‌బాల్ సంఘానికి సదర్. మరుసటి ఏడు, అంటే 1958లో, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకూ సదర్ అయ్యి 1977 దాకా ఆ కుర్సీలో ఉన్నారు.

ఆజాదీ వచ్చిన ఏడాదే ఆయన చుట్టుపక్కల ముల్కులకు దావత్ పంపారు: రండి, మా ఖుషీలో పాలు పంచుకోండి, ఫుట్‌బాల్ ఆడదాం. అలా మొదలైంది మెర్దేకా టోర్నమెంట్. మొదటి కప్పు హాంకాంగ్ పట్టుకెళ్లింది. 1958, 1959లో మెజ్బాన్ మలయాయే గెలిచింది. 1960లో మలయా, దక్షిణ కొరియా కప్పును పంచుకున్నాయి.

వరల్డ్ కప్‌కు వెళ్లాలంటే గెలిచి అర్హత సంపాదించాలి. పిలుపు టోర్నమెంటుకు మాత్రం మెజ్బాన్ పిలిస్తే చాలు. పెళ్లి దావత్ లాంటిదే. పైకి ఇది చిన్న విషయం. కానీ ఆ రోజుల్లో ఆసియా ఆటగాళ్ల హాల్ చూడండి. 1958, 1962 వరల్డ్ కప్పుల్లో మన ఖండం నుంచి ఒక్క టీమూ లేదు. 1966లో ఆసియా, ఆఫ్రికా, ఓషియానియా మూడింటికీ కలిపి ఇచ్చింది ఒక్క చోటు. ఆ నాఇన్సాఫీకి నిరసనగా ఆఫ్రికా దేశాలన్నీ బయటికి వచ్చేశాయి. ఆసియా కప్ నాలుగేళ్లకోసారి. ఏషియన్ గేమ్స్ నాలుగేళ్లకోసారి. మిగతా రోజుల్లో ఆటగాడు ఎవరితో ఆడాలి? ఎవరితో తలపడి నేర్చుకోవాలి?

పెద్ద దస్తర్‌ఖాన్ మీద చోటు దొరకనివాళ్లకు మెర్దేకా ఏటేటా తన దస్తర్‌ఖాన్ పరిచింది. దాని అసలు ఖద్ర్ అదే. నిన్నటిదాకా గులాములుగా ఉన్న ముల్కులు జాతీయ గీతం పాడుకుని, సొంత ఝండా కింద నిలబడి ఒకదానితో ఒకటి ఆడాయి. ఇంకెవరి ఇజాజత్ అక్కర్లేకుండా.

ఇక మన హైదరాబాద్ సంగతి. 1959లో ఆ దస్తర్‌ఖాన్ మీద ఇండియా రెండో స్థానంలో నిలిచింది. టీమ్ ఉస్తాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లోనే పుట్టి, ఇక్కడి బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమును ఆయన తీర్చిదిద్దితే అది బంబయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ ఒలింపిక్ టీములో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుసేన్, జుల్ఫిఖారుద్దీన్, సికింద్రాబాద్ బలరామన్... అందరూ మన గలీల్లో బంతి తన్నినవాళ్లే.

మా ఇంట్లో పెద్దవాళ్లు రహీం సాబ్ పేరు ఎత్తితే గొంతు తగ్గించేవారు, అదబ్‌తో. 2024లో ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చాక కొత్త తరానికీ పేరు తెలిసింది. అందులో జకార్తా విజయం చూసి అందరం కళ్లు తుడుచుకున్నాం. జకార్తా ఒక్క రోజులో రాలేదు. కౌలాలంపూర్ లాంటి మైదానాల్లో వేడికి, వానకి, ఎదుటివాడి ఆటకి తట్టుకుని నేర్చుకున్న సబఖ్ దాని వెనక ఉంది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఫైనల్లో మనవాళ్లు 2-1తో ఓడించిన దక్షిణ కొరియా కూడా మెర్దేకా దస్తర్‌ఖాన్ మీద కూర్చున్న మెహమానే.

ఆ జకార్తా గేమ్స్‌కూ మెర్దేకాకూ ఇంకో తాల్లుఖ్ ఉంది. 1962లో ఇండోనేషియా ప్రభుత్వం తైవాన్, ఇజ్రాయెల్ ఆటగాళ్లకు వీసాలు ఇవ్వలేదు. అది తప్పని ఒలింపిక్ కమిటీలోని మన దేశస్తుడు జి.డి. సోంధీ అన్నందుకు అక్కడి జనం మన టీము మీద మండిపడ్డారు. ఫైనల్ రోజు స్టేడియమంతా మనవాళ్లకు ఎదురు తిరిగి కేకలు వేసింది. మరుసటి ఏడాది 1963లో మెర్దేకా కప్ గెలిచింది ఎవరో తెలుసా? జకార్తా గుమ్మం దగ్గర ఆగిపోయిన అదే తైవాన్. ఒకచోట మూసిన దర్వాజా ఇంకోచోట తెరుచుకుంది. 1961, 1962లో వరసగా కప్పు గెలిచిన ఇండోనేషియాకూ మలేషియాకూ మధ్య ఆ తర్వాత మూడేళ్ల పాటు దుష్మనీ నడిచింది, సరిహద్దుల్లో తుపాకులు పేలాయి. అదంతా చల్లారాక 1969లో కౌలాలంపూర్‌లో కప్పు ఎత్తింది మళ్లీ ఇండోనేషియాయే.

1966లో దక్షిణ వియత్నాం గెలిచింది. ఇంటి దగ్గర జంగ్ నడుస్తోంది, వీళ్లు ఇక్కడ కప్పు పట్టుకున్నారు. ఆ ముల్క్ పేరే ఇప్పుడు నక్షాలో లేదు. విజేతల జాబితాలో ఉంది. ఇవాళ పత్రికల్లో తిరుగుబాటు వార్తల్లో తప్ప కనబడని బర్మా అప్పట్లో 1964లో మనల్ని రెండో స్థానంలో ఆపి కప్పు తీసుకుంది, 1967లో పంచుకుంది, 1971లో మళ్లీ గెలిచింది. మెర్దేకా జాబితా నాకు ఆసియా తారీఖ్ పుస్తకంలాగే కనిపిస్తుంది.

రహీం సాబ్ 1963 జూన్ 11న కేన్సర్‌తో ఇంతఖాల్ చెందారు. ఆయన వేసిన బునియాద్ ఇంకొన్నాళ్లు నిలబడింది. మెర్దేకాలో 1964లో రెండో స్థానం, 1965, 1966, 1970లో మూడో స్థానం. అదే 1970 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన టీముకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. ఆయనా హైదరాబాదీయే. ఆ టీములో ఆడిన మొహమ్మద్ హబీబ్ కూడా మనవాడే. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి వచ్చిన చివరి పతకం అది.

మెర్దేకాను చూసి మిగతా ముల్కులూ దావత్‌లు మొదలుపెట్టాయి. 1968లో థాయిలాండ్ కింగ్స్ కప్, 1971లో దక్షిణ కొరియా ప్రెసిడెంట్ కప్, 1982లో కలకత్తాలో మన నెహ్రూ కప్. మెజ్బాన్లు ఎక్కువైతే మెహమాన్లు పంచుకుపోతారు. 1980లో మొరాకో, 1981లో ఇరాక్ కప్పు తీసుకెళ్లాయి. ఆ తర్వాత కొన్ని దేశాలు అసలు టీములను ఇంట్లో ఉంచుకుని రెండో టీములను పంపాయి. జాతీయ జట్ల కుర్సీల్లో విదేశీ క్లబ్బులూ కూర్చున్నాయి. ఫిఫా క్యాలెండర్ బిగుసుకుంది. ఆటగాళ్ల మీద హక్కు క్లబ్బుల చేతికి పోయింది. ఏటేటా జరిగే పండగ అప్పుడప్పుడూ జరిగేదయ్యింది. 2013 తర్వాత పదేళ్లు పూర్తిగా ఆగిపోయింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. 1976 ఫైనల్లో మలేషియా చేతిలో ఓడింది జపాన్. ఆ మలేషియా టీములో మలయ్, చీనీ, తమిళ, పంజాబీ బిడ్డలు భుజం భుజం కలిపి ఆడేవారు. తర్వాత కొరియా 1983లో, జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగులు పెట్టుకున్నాయి. 1986 నుంచి కొరియా, 1998 నుంచి జపాన్ ఒక్క వరల్డ్ కప్ కూడా వదల్లేదు. మెజ్బాన్ మలేషియా, మెహమాన్ ఇండియా ఇప్పటిదాకా వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. దావత్‌లో అందరూ కలిసే తిన్నారు. ఇంటికెళ్లి మెహనత్ చేసినవాళ్లు ముందుకెళ్లారు. పిలుపు ఇజ్జత్ ఇస్తుంది, తాఖత్ మనమే తెచ్చుకోవాలి. రహీం సాబ్ తర్వాత హైదరాబాద్‌లో ఆ మెహనత్‌ను మోసే ఉస్తాద్‌లు, పిల్లలు పరిగెత్తే మైదానాలు తగ్గిపోయాయి. అసలు నష్టం అక్కడ జరిగింది.

2023 అక్టోబర్‌లో మెర్దేకా మళ్లీ మొదలైంది. 13వ తేదీన సెమీఫైనల్లో ఇండియా మలేషియా చేతిలో 2-4తో ఓడింది. రెండో సెమీఫైనల్ జరగలేదు. అందులో ఆడాల్సిన ఫలస్తీన్ టీము గాజా జంగ్ వల్ల బయల్దేరలేకపోయింది. తజికిస్తాన్ నేరుగా ఫైనల్‌కు వెళ్లి, మలేషియాను 2-0తో ఓడించి కప్పు తీసుకుంది.

ఆజాదీ పేరిట పరిచిన దస్తర్‌ఖాన్ మీద ఆ రోజు ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది. పిలుపు అందింది, మెజ్బాన్ ఎదురు చూశాడు, మెహమాన్‌కు మాత్రం ఇల్లు దాటే దారి లేదు. ఇది ఉత్త ఆటే కదా అనేవాళ్లకు నేను ఆ ఒక్క ఖాళీ చోటు చూపిస్తాను. తనదైన జెండాతో, తనదైన టీముతో పరాయి ఊరికి వెళ్లి ఆడి రాగలగడం ఆజాదీలో ఎంత పెద్ద హిస్సాయో 1957లో టుంకు సాబ్‌కు తెలుసు. మన రహీం సాబ్‌కూ, ఆయన వెంట వెళ్లిన మన మొహల్లా జవాన్లకూ తెలుసు.

మీ ఇంట్లో బుజుర్గులు ఉంటే ఇవాళ అడగండి, ఆ ఆటగాళ్లలో ఎవరినైనా చూశారా అని. చెప్పేవాళ్లు ఉండగానే విని రాసిపెట్టుకోండి.