శస్త్రచికిత్సలో వర్ణభేదం: అమెరికా క్యాన్సర్ వైద్య చరిత్రలో ఒక అధ్యాయం

అమెరికాలో నల్లజాతీయులకూ శ్వేతజాతీయులకూ అందే క్యాన్సర్ శస్త్రచికిత్సల మధ్య ఉన్న అంతరానికి మూలాలు ఆ దేశపు ఆసుపత్రుల చరిత్రలోనే ఉన్నాయి. ఆసుపత్రుల నిర్మాణానికి సమాఖ్య ప్రభుత్వ నిధులు సమకూర్చిన 1946 నాటి హిల్-బర్టన్ చట్టం, సదుపాయాలు సమానమైతే వేర్వేరుగా ఉండవచ్చునన్న సూత్రాన్ని అంగీకరించి, జాతులను వేరుచేసే ఆసుపత్రులకు సైతం ప్రజాధనం దక్కే వీలు కల్పించింది. నార్త్ కరోలినాకు చెందిన దంతవైద్యుడు జార్జ్ సిమ్‌కిన్స్, ఆయన సహవాదులు వేసిన దావాలో అప్పీలు న్యాయస్థానం 1963లో ఈ వెసులుబాటును కొట్టివేసింది. 1964లో పౌరహక్కుల చట్టం రావడం, 1966లో అమలైన వృద్ధుల ఆరోగ్య బీమా పథకం మెడికేర్ వివక్ష పాటించే ఆసుపత్రులకు చెల్లింపులు నిరాకరించడంతో బాహాటమైన వేర్పాటు త్వరితంగా కూలిపోయింది.

అయినా అసమానత అంతరించలేదు. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకిన, 65 ఏళ్లు నిండిన 10,984 మంది వివరాలను పరిశీలించి పీటర్ బాక్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, శ్వేతజాతీయుల్లో 76.7 శాతం మందికి శస్త్రచికిత్స జరగగా నల్లజాతీయుల్లో 64 శాతం మందికే జరిగింది. ఐదేళ్ల మనుగడ వరుసగా 34.1, 26.4 శాతంగా ఉన్నప్పటికీ, శస్త్రచికిత్స పొందినవారిలో మాత్రం ఇరువర్గాల మనుగడ దాదాపు సమానంగా తేలింది.

శస్త్రచికిత్స నాణ్యత అనేది కణితి తొలగింపుతో ముగిసేది కాదు. వ్యాధి వ్యాప్తిని నిర్ధారించేందుకు పెద్దపేగు క్యాన్సర్‌లో కనీసం 12 లింఫ్ గ్రంథులను, అంటే రోగనిరోధక కణాలుండే చిన్న కణుపులను, పరీక్షించడం, అలాంటి శస్త్రచికిత్సలు విరివిగా జరిగే అనుభవజ్ఞ కేంద్రానికి రోగి చేరగలగడం కూడా అందులో భాగమే. కనుక ఈ అంతరం శరీర ధర్మం విధించినది కాదు, వ్యవస్థ సృష్టించినది; న్యాయస్థానమూ చట్టమూ నిధుల షరతూ కలిసి ఆనాటి వేర్పాటును తొలగించగలిగినట్టే, దీన్నీ తొలగించడం సాధ్యం, తొలగించడం కర్తవ్యం.